యూనా పొట్టి ఊపు

మా అక్క యూనా పెట్రీకీ లిలియాస్ కార్గిల్‌కీ ఇరవై రెండేళ్ళు మాటల్లేవు. పోర్ట్ ఆల్డీ లాంటి చిన్న ఊళ్ళో ఒకరికొకరు ఎదురుపడకుండా బతకడం కష్టం. ఉన్నది ఒకే చర్చి, ఒకే రొట్టెల దుకాణం, సముద్రం ఒడ్డున ఒకే గోల్ఫ్ మైదానం. అక్క ఎదురైతే లిలియాస్ సముద్రం వైపు చూసేది. లిలియాస్ ఎదురైతే అక్క ఆమె బూట్ల వైపు చూసేది, వాటికేదో అంటుకున్నట్టు.

గొడవ మొదలైంది ఊపు దగ్గర. లిలియాస్‌ది ఊరంతా చెప్పుకునే ఊపు. కర్రని వెనక్కి లేపిందంటే అది తల దాటి, మెడ వెనకనుంచి వంగి, దాని మొన ఎడమ భుజం పక్కన తొంగి చూసేది. అంత పొడుగు ఊపు మా తీరంలో ఇంకెవరికీ లేదు. వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా పని ఆపి చూసేవాళ్ళు. మా అక్కది పొట్టి ఊపు. కర్ర భుజం ఎత్తుకి వచ్చేసరికి టక్కున ఆగిపోయేది, అక్కణ్ణించే దెబ్బ పడేది. చూడటానికి ఏమీ ఉండేది కాదు.

అది కావాలని పెట్టుకున్న ఊపు కాదు. మాది బట్టలుతికే ఇల్లు. చలికాలం మైదానం మంచుతో గట్టిపడిపోతే అక్క మా ఉతుకు కొట్టంలో ఆడుకునేది. ఆ కొట్టం కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, అడ్డదూలం కింద మా అమ్మ కూడా తల వంచి నడిచేది. కర్ర కాస్త ఎక్కువ లేచిందా, దూలానికి తగిలి మసి రాలి ఉతికిన దుప్పట్ల మీద పడేది. అమ్మ చేతిలో తడిగుడ్డ ఉంటే దాంతోనే వీపు మీద ఒకటి వేసేది. అలా నాలుగు చలికాలాలు గడిచేసరికి అక్క చేతులు దూలం కిందే ఆగడం నేర్చుకున్నాయి.

అరవై రెండులో జిల్లా జట్టుకి మా ఊరినుంచి ఒక్కరిని పంపమన్నారు. అప్పుడు మా ఆడవాళ్ళ క్లబ్బుకి లిలియాస్ కెప్టెను. నార తాళ్ళ ఫ్యాక్టరీ యజమాని భార్య, చదువుకున్నది, ఉత్తరాలు బాగా రాసేది. జిల్లాకి ఆమె రాసిన ఉత్తరాన్ని కమిటీలో చదివి వినిపించారు. సాయంత్రానికల్లా అది చేపల రేవు దాకా వచ్చేసింది. "యూనా పెట్రీ కొట్టేది బంతిని కాదు, దుమ్ము పట్టిన తివాచీని. ఆ పొట్టి ఊపులో బలముండదు. ఆమెను పంపితే జిల్లా ముందు మన పరువు పోతుంది." లిలియాసే వెళ్ళింది. పదకొండేళ్ళు జిల్లాకి ఆడింది. మా అక్కకి తివాచీ యూనా అన్న పేరు మిగిలింది. పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్ళు.

ఆ పదకొండేళ్ళూ, ఆ తర్వాతా కూడా కార్గిల్‌ల ఇంటి చొక్కాలు మా కొట్టానికే వచ్చేవి. ఇస్త్రీ నేనే చేసేదాన్ని. అక్క వాటిని ముట్టుకునేది కాదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో రేవు మెట్ల మీద గడ్డకట్టిన నీళ్ళకి కాలు జారి లిలియాస్ పడింది. ఎడమ భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవనంది. అయినా మే నెల మెడల్ పోటీకి వచ్చింది. యాభై ఆరేళ్ళ మనిషి, మొండి మనిషి. పాత ఊపే ఊపబోయింది. చెయ్యి సగంలో ఆగింది, ఒళ్ళు మిగతా దూరం పోవాలని చూసింది. ఆ లాగుడులో కుడిమోకాలు నిటారుగా అయిపోయి, ఒళ్ళంతా కుడిపక్కకి ఒరిగింది. బంతి పాతిక గజాలు దొర్లి వాగులో పడింది. రెండోది కూడా వాగులోకే. మూడోసారి కర్ర నేలకి కొట్టుకుని ఆమె అమ్మా అని భుజం పట్టుకుంది. క్లబ్బులో పాఠాలు చెప్పే నీల్ ట్రాకేర్ కుర్రాడు దగ్గరికెళ్ళి అందరికీ వినపడేలా, "మిసెస్ కార్గిల్, నేలమీద బంతులు దొర్లించే బౌల్స్ ఆడుకోవచ్చు కదా, దానికి భుజంతో పన్లేదు" అన్నాడు. ఎవరో నవ్వారు.

నేనూ అక్కా బుట్టలో దుప్పట్లు పట్టుకుని కంచె దగ్గర నిలబడి చూస్తున్నాం. అక్క సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం నల్లబడింది.

"ఏంటక్కా, నువ్వు కోరుకున్నదేగా" అన్నాను.

"నేను కోరుకున్నది ఇది కాదు" అంది. దుప్పట్ల బుట్ట ఎత్తుకుని ముందు నడిచింది.

మర్నాడు ఇస్త్రీ చేసిన చొక్కాలు ఇవ్వడానికి నేను బయల్దేరితే తనూ వెంట వచ్చింది. కార్గిల్‌ల ఇంటి వెనక గుమ్మం వైపు తిరగబోతుంటే నా చెయ్యి పట్టి ముందు గుమ్మానికి లాక్కెళ్ళింది. లిలియాసే తలుపు తీసింది. చెయ్యి కట్టులో వేలాడుతోంది.

"కార్గిల్ గారూ, మీ చెయ్యి ఎంతవరకు లేస్తుంది?" అంది అక్క. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"నీకెందుకు?"

"అడిగినదానికి చెప్పండి."

లిలియాస్ కట్టులోంచి చెయ్యి తీసి లేపింది. రొమ్ము ఎత్తు దగ్గర వణికి ఆగింది.

"చాలు. నేను పుట్టి బుద్ధెరిగాక అంతకు మించి లేపలేదు."

"జాలిపడి వచ్చావా?"

"జాలి కుక్కల మీద పడతాను. జులైలో పోటీలున్నాయి. మిమ్మల్ని ఓడించాలని ఎన్నేళ్ళ నుంచి కాచుకున్నానో మీకూ తెలుసు. ఎనిమిదిసార్లు ఎదురుపడ్డాం, ఎనిమిదిసార్లూ మీరే గట్టెక్కారు. ఇప్పుడు రెక్క విరిగిన కాకిని కొడితే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. అందుకని ముందు బాగుచేస్తాను, తర్వాత కొడతాను."

లిలియాస్ పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. "నువ్వు. నాకు. నేర్పుతావు."

"ఆ ట్రాకేర్ కుర్రాడు బౌల్స్ నేర్పుతాడట, అక్కడికైనా పొండి. లేకపోతే మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రండి. వెనకనుంచి రావాలి. మా కొట్టానికి ముందు గుమ్మం లేదు."

చొక్కాల బుట్ట నా చేతిలోనే ఉండిపోయింది. వాటిని గడపలో పెట్టి అక్క వెనకే పరుగెత్తాను.

ఆమె రాదనుకున్నాను. మంగళవారం మూడు కొట్టేలోపు వచ్చింది, తెల్ల జాకెట్టూ మంచి లంగా వేసుకుని. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుంది.

"ఈ గంజి వాసనకి కడుపులో తిప్పుతోంది."

"అది మీ ఆయన చొక్కాల గంజే" అంది అక్క. "కర్ర పట్టుకోండి."

లిలియాస్ కర్ర లేపింది. భుజం నొప్పికి చెయ్యి ఆగినా మణికట్లు పాత అలవాటున పైకి విరిగాయి, కర్ర మొన ఠంగుమని దూలానికి తగిలింది. మసి పొర ఒకటి ఊడి ఆమె తెల్ల జాకెట్టు మీద రాలింది.

"ఆ దూలం మా అమ్మకన్నా మంచి పంతులు" అంది అక్క. "కొట్టదు, తిట్టదు, వదలదు."

కొట్టంలో అడ్డంగా కట్టిన తాడు మీద తడిపిన కంబళి ఒకటి నాలుగు మడతలు వేసి వేలాడదీసింది. దానికి ఆరడుగుల దూరంలో చిన్న చాప, చాప మీద బంతి. బంతిని కంబళిలోకి కొట్టాలి. ముందు తను కొట్టి చూపించింది. కర్ర భుజం దాకా వెళ్ళి ఆగింది. ఆ వెంటనే తుపాకీ పేలినట్టు చప్పుడు. కంబళి తాడుతో సహా వెనక్కి లేచింది, నీళ్ళు గోడకి చిందాయి. తర్వాత లిలియాస్ కొట్టింది. బంతి కంబళికి తగిలి ముసలి పిల్లి మంచం దిగినట్టు కింద పడింది.

"నాకు ఊపే లేదు కదా, బలం ఎక్కణ్ణించి వస్తుంది?" అంది విసుగ్గా.

"బలం చేతులు ఎంత దూరం పోయాయన్నదాంట్లో ఉందని ఎవరు చెప్పారు మీకు? పొట్టేలు కుమ్మడానికి వెనక్కి తగ్గుతుంది గానీ పక్క ఊరికి పోదు." అక్క నా వైపు తిరిగింది. "ఎఫీ, ఆ దుప్పటి కొస ఇలా ఇవ్వు. రెండో కొస ఆవిడకివ్వు."

రేవులోంచి తీసినట్టు నీళ్ళోడుతున్న దుప్పటి. అక్క ఒక కొస మెలితిప్పడం మొదలుపెట్టింది. లిలియాస్ చేతిలో కొస కూడా దాంతోపాటే తిరిగిపోయింది. చుక్క నీళ్ళు రాలలేదు.

"చూశారా? మీ కొసా తిరిగింది. రెండు కొసలూ తిరిగితే అది మెలి కాదు, షికారు. గట్టిగా పట్టుకోండి. తిరగనివ్వకండి."

ఈసారి లిలియాస్ కుడిచేత్తో కొస బిగించి పట్టుకుంది. అక్క తిప్పింది. దుప్పటి తాడులా బిగుసుకుని నీళ్ళు ధారగా కారాయి.

"నడుం కింది భాగం మీ కొస. భుజాలు నా కొస. నడుం తక్కువ తిరగాలి, భుజాలు ఎక్కువ తిరగాలి. మధ్యలో పడే మెలే బలం. ఇంకా తిప్పమంటారా?" తిప్పింది. లిలియాస్ వేళ్ళలోంచి తడి గుడ్డ జారి, బిగిసిన మెలంతా ఒక్కసారి విడిపోయింది. "అదీ మీ పొడుగు ఊపు. చివర్లో కర్ర మెడ వెనక్కి పోతుందే, అక్కడ మీ వేళ్ళు వదులయ్యేవి. మోచెయ్యి వంగేది. కూడబెట్టింది కూడబెట్టినట్టే కారిపోయేది. ఊరు దాన్ని చూసి చప్పట్లు కొట్టేది."

లిలియాస్ రుమాలుతో చేతులు తుడుచుకుంది. "ఆ కారిపోయిన దాంతోనే నిన్ను ఎనిమిదిసార్లు ఓడించాను."

"బంతి వెయ్యాల్సిన గుంట దగ్గర, పచ్చిక మీద, మీరు చిన్న దెబ్బలు బాగా వేస్తారు. అందుకు" అంది అక్క. మెచ్చుకోలు కాదది, లెక్క.

అలా మంగళవారాలు సాగాయి. అక్క ఆమె కుడికాలి బూటు బయటి అంచు కింద బెండుముక్క పెట్టేది. బరువు కాలి లోపలి అంచు మీదే ఆగాలి, బయటికి పొర్లకూడదు. పొర్లితే మోకాలు నిటారవుతుంది, తుంటి పక్కకి జారుతుంది, మళ్ళీ దెబ్బ వేళకి వెనక్కి రాలేదు. జారినప్పుడల్లా అక్క చీపురు కర్రతో ఆ తుంటి మీద పొడిచేది. లిలియాస్ కార్గిల్ తుంటి మీద చీపురు కర్ర.

"నువ్వు ఇంకోసారి పొడిస్తే ఆ కర్ర నీ నెత్తిన విరుగుతుంది."

"మీరు ఇంకోసారి జారితే మళ్ళీ పొడుస్తా."

మూడో వారం లిలియాస్ కర్ర విసిరేసింది. అది తగిలి రాగి కాగు సొట్టపడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. తనే వంగి తీసుకుని వచ్చింది. "కర్ర పైకి లేపాక ఒక క్షణం ఆగమన్నావు. ఎందుకు ఆగాలి?" అంది, ఏమీ జరగనట్టు.

"ఆగడం కాదు. చేతులు ఇంకా వెనక్కి పోతుండగానే ఎడమకాలు ముందుకి బయల్దేరాలి. చూసేవాళ్ళకి ఆగినట్టుంటుంది. కాలు ముందు, తుంటి తర్వాత, భుజాలు తర్వాత, చేతులు ఆఖర్న. చేతులు ముందు పరుగెత్తాయా, మెలి విప్పకుండానే గుడ్డ దులిపినట్టు."

నాలుగో వారంలో మొదటిసారి కంబళి కదిలింది. అయిదో వారంలో, జూన్ ఆఖర్న, కర్ర రొమ్ము ఎత్తు దాకే వెళ్ళింది, వీపు మా వైపు తిరిగింది, కుడికాలు పాతిన గుంజలా కదల్లేదు. దెబ్బ పడింది. కంబళి తాడు తెంచుకుని గోడకి కొట్టుకుంది. నీళ్ళు నా మొహం మీద చిందాయి. లిలియాస్ నోరు తెరిచి నిలబడింది, తర్వాత నవ్వింది. చిన్నపిల్లలా, గట్టిగా. ఆమె నవ్వు నేను అంతకుముందు వినలేదు.

అక్క కూడా కొంచెం మెత్తబడింది. కంబళి ఎత్తి పిండుతూ అంది: "ఒకటి చెప్తాను కార్గిల్ గారూ. ఆ ఉత్తరం రాసినప్పుడు మీకిదంతా తెలీదు. పొట్టిగా ఉంటే బలం లేదనుకున్నారు. ఊళ్ళో అందరూ అదే అనుకున్నారు. తెలీకుండా చేసిందాన్ని ఎంతకాలమని మొయ్యను? జులైలో మిమ్మల్ని ఓడించేస్తే నాకు సరిపోతుంది."

లిలియాస్ నవ్వు ఆగిపోయింది. కర్రని సంచిలో పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ మాటని అక్కడితో వదిలేసి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నేనైతే వదిలేసేదాన్ని.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నీ దెబ్బలో బలముందని తెలుసు. ఆ ఏప్రిల్‌లో మూడు సాయంత్రాలు పదహారో గుంట దగ్గర నువ్వు కొట్టి వెళ్ళిపోయాక నీ బంతి పడిన చోటుదాకా అడుగులు వేసి కొలిచాను. నాకన్నా పదకొండు అడుగులు ముందుంది. మూడు సాయంత్రాలూ. జట్టులో మనకి ఉన్నది ఒక్క చోటు. అందుకని అలా రాశాను."

కాగు కింద నిప్పు చిటపటమంది. అక్క చేతిలో కంబళి నెమ్మదిగా నేల మీదికి జారింది.

"ఇరవై రెండేళ్ళు నువ్వు మూర్ఖురాలివనుకున్నాను" అంది అక్క. ఆమె నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "మూర్ఖురాలివైతే క్షమించగలిగేదాన్ని. అందుకే నేర్పాను. ఈ చేతుల్తో."

"అందుకే చెప్పాను. నువ్వు క్షమిస్తున్నది నేను చెయ్యని తప్పుని."

"బయటికి నడు."

"యూనా..."

"నా పేరు తివాచీ. నడు."

ఆ తర్వాత మంగళవారాలు లేవు. ఆ వారమే కార్గిల్‌ల చొక్కాలు కూడా ఆగిపోయాయి. వాళ్ళు పంపలేదో, అక్క వద్దని కబురు పెట్టిందో నాకు చెప్పలేదు.

జులై పోటీలో మూడో రౌండుకి చీటీల్లో వాళ్ళిద్దరి పేర్లూ ఎదురెదురుగా వచ్చాయి. ఏ గుంట ఎవరు గెలిస్తే అది వాళ్ళది, పద్దెనిమిదిట్లో ఎక్కువ గెలిచినవాళ్ళు ముందుకి పోతారు. అక్క సంచి నేను మోశాను. తీర్పరిగా క్లబ్బు కార్యదర్శి మిస్ డఫ్ వచ్చింది, చంకలో నియమాల పుస్తకంతో. కంచె పొడుగునా జనం. లిలియాస్ మొదటి దెబ్బకి కర్ర రొమ్ము దాకా లేపి కొట్టేసరికి ఆ జనంలో గుసగుస లేచింది. బంతి చేపల కొట్ల మీదుగా వచ్చే గాలిని చీల్చుకుంటూ నూట ఎనభై గజాలు పోయింది.

"తివాచీ ఊపు" అన్నారెవరో.

అక్క మెడ ఎర్రబడింది. తన వంతు వచ్చింది. వెనకనుంచి చూస్తున్న నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది. కర్ర భుజం దగ్గర ఆగలేదు. దాటింది. నెత్తిమీదికి పోయింది. యాభై ఏళ్ళలో ఎప్పుడూ పోనంత దూరం పోయింది. బంతిని కాదు, లిలియాస్‌ని రెండు ముక్కలు చేద్దామన్నట్టు కొట్టింది. బంతి వంకర తిరిగి పొడుగు గడ్డిలో పడింది.

"అక్కా, ఎక్కువ పోతోంది" అన్నాను మూడో గుంట దగ్గర.

"నోరు ముయ్యి."

మళ్ళీ ఆరో గుంట దగ్గర అన్నాను. "సంచి మొయ్యడానికి తెచ్చాను నిన్ను" అంది. పది గుంటలయ్యేసరికి అక్క మూడు వెనకబడింది. గాలి పెరిగింది. మిస్ డఫ్ టోపీ రెండుసార్లు ఎగిరిపోతే నేనే తెచ్చిచ్చాను.

పదకొండో గుంట దగ్గర అక్క కొట్టిన బంతి ముళ్ళపొదల్లోకి పోయింది. అక్క ఆ పొదల వైపే చూస్తూ నిలబడింది. అప్పుడు లిలియాస్ నోరు తెరిచింది.

"నీ కర్ర నెత్తి దాటిపోతోంది. కుడికాలు బయటి అంచుకి పొర్లుతోంది. మెలి పడట్లేదు. నువ్వు నాకు చెప్పిందే."

మిస్ డఫ్ గొంతు సవరించుకుంది. "మిసెస్ కార్గిల్, అది..."

"తెలుసు. ఆటలో ప్రత్యర్థికి సలహా చెప్పాను. గుంట పోయినట్టే. ఆమెకి రాసుకోండి."

"అక్కర్లేదు" అంది అక్క. "మిస్ డఫ్, నేను వినలేదు. రాయద్దు. నీ బిచ్చం నాకొద్దు, లిలియాస్."

మిస్ డఫ్ పేజీ వెతికి తీసింది, గాలికి రెండు చేతులతో పట్టుకుంది. "అలా కుదరదమ్మా. సలహా చెప్పినవాళ్ళకి గుంట పోతుంది. మీరిద్దరూ కలిసి దాన్ని చూడనట్టు వదిలేద్దామనుకుంటే ఇద్దరినీ పోటీనుంచి తీసేస్తారు. నియమం నేను పెట్టలేదు."

అక్క లిలియాస్‌కి చాలా దగ్గరగా వెళ్ళింది. "ఎందుకు చేశావు?"

"నాకు తెలీదు" అంది లిలియాస్. "నువ్వు అలా కొడుతుంటే చూడలేకపోయాను. అంతే అయుండొచ్చు. నన్ను నమ్మమని అడగను."

"నమ్మను."

పన్నెండో గుంటకి నడిచాం. అక్క చాలాసేపు బంతి ముందు నిలబడింది. బూటు మడమతో నేలలో చిన్న పల్లం చేసి కుడికాలు అందులో బిగించింది. కర్ర లేచింది, భుజం దగ్గర ఆగింది. ఆ చప్పుడు వినగానే నాకు కొట్టంలో కంబళి లేచినట్టనిపించింది. పన్నెండు సమానం. పదమూడు అక్కది. పదహారు అక్కది. ఆ పదహారో గుంట దగ్గర ఇద్దరి బంతులూ పొడుగు గడ్డిలోకి పోకుండా నడిదారిలోనే పడ్డాయి. అక్కది ముందుంది. అడుగులు లెక్కపెట్టడానికి ఎవరూ సాహసించలేదు. పద్దెనిమిదో గుంటకి వచ్చేసరికి సమానంగా ఉన్నారు. లిలియాస్ చిన్న దెబ్బ గుంట అంచున ఆగిపోయింది. అక్కది లోపలికి పోయింది.

ఒక్క గుంట తేడాతో అక్క గెలిచింది. చేతులు కలపడం ఆచారం. అక్క రెండు వేళ్ళు అందించి వెనక్కి తీసుకుంది. జనం చప్పట్లు కొడుతుంటే ఒక్కరి వైపూ చూడకుండా ఇంటికి నడిచింది.

ఇంట్లో నేను సూపు వేడిచేశాను. తినలేదు.

"ఒక్క గుంట తేడా" అంది. "ఆ ఒక్కటీ అది ఇచ్చిందే. గెలుపు కూడా సక్రమంగా దక్కనివ్వలేదు నాకు."

"మిగతావి నువ్వే గెలిచావుగా అక్కా."

"నువ్వు ఊరుకో ఎఫీ. నీకు అన్నీ సర్దుకుపోతాయి. ఇరవై రెండేళ్ళు దాని చొక్కాలు ఇస్త్రీ చేశావు."

ఆ మాట గుచ్చుకుంది. నిజమే. సూపు గిన్నె తీసేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క నా చేత సంచి ఎత్తించి కార్గిల్‌ల ముందు గుమ్మం కొట్టింది. లిలియాస్ టీ కప్పుతో వచ్చింది.

"కర్రలు తీసుకో. పదకొండో గుంట బాకీ ఉంది."

"ఆట అయిపోయింది, యూనా. క్లబ్బు పుస్తకంలో రాసేశారు."

"క్లబ్బు పుస్తకం నాకు తెలీదు. నాకు తెలిసిన పుస్తకం ఒకటుంది. తీసుకో."

ఆమె కప్పు అక్కడే మెట్టు మీద పెట్టి వచ్చింది. మైదానంలో గొర్రెల కాపరి కుక్క ఒకటి తప్ప ఎవరూ లేరు. గాలి సముద్రం మీదనుంచి తిన్నగా మొహానికి కొడుతోంది. లిలియాస్ ముందు కొట్టింది, మంచి దెబ్బ. అక్కది దానికన్నా కొంచెం వెనక పడింది. రెండో దెబ్బకి అక్క బంతి పచ్చిక మీద ఆగింది, లిలియాస్ బంతి పచ్చిక పక్కన ఇసుక గోతిలో దిగింది. దాన్ని ఎత్తడానికి కర్ర నిటారుగా పైకి లేవాలి. చెయ్యి లేవలేదు. పళ్ళు బిగించి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారికి బయటికి తీసింది. నేను తల తిప్పుకున్నాను. అక్క తిప్పుకోలేదు, చివరిదాకా చూసింది. తర్వాత తన బంతిని రెండు చిన్న దెబ్బల్లో గుంటలో వేసింది.

"నాలుగు" అంది. "నీకు?"

"ఆరు. ఏడు కూడా అవుతుందేమో."

"చాలు. గుంట నాది."

లిలియాస్ కర్ర మీద ఆనుకుని ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు నా మీద కోపం పోయిందా?"

"గెలిచాననే చెప్పాను. కోపం పోయిందని చెప్పలేదు." అక్క బంతి తీసి జేబులో వేసుకుంది. "నీ భుజానికి ఇసుక గోతిలో ఎలా కొట్టాలో నేర్పలేదు నేను. నేర్పను కూడా."

ఆ తర్వాతి రౌండులో అక్క బ్యాంకులో పనిచేసే ఒక పంతొమ్మిదేళ్ళ అమ్మాయి చేతిలో ఓడిపోయింది. దానికి పెద్దగా బాధపడలేదు. ఇంటికొచ్చి రెండు గిన్నెల సూపు తాగింది.

అక్టోబరులో క్లబ్బు సాలుసరి సమావేశం జరిగింది. అక్క రానంటే నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆఖర్న లిలియాస్ లేచి నిలబడింది. కాగితం ఏమీ చేతిలో లేదు. అరవై రెండులో తను రాసిన ఉత్తరం అబద్ధమని, అది అబద్ధమని రాసేటప్పుడే తనకి తెలుసని, యూనా పెట్రీ తనకన్నా పదకొండు అడుగులు ముందు కొట్టేదని చెప్పింది. కెప్టెన్ల పలక మీదనుంచి తన పేరు తీసెయ్యమంది. మిస్ డఫ్ మినిట్సులో రాసుకుంది. ట్రాకేర్ కుర్రాడు కిటికీ వైపు చూశాడు. లిలియాస్ కోటు తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

నేను పరుగున ఇంటికొచ్చాను. అక్క కాగు దగ్గర గంజి కలుపుతోంది. విన్నదంతా చెప్పాను, ఒక్క మాట వదలకుండా. గరిటె ఆగలేదు.

"ఎంతమంది ఉన్నారు?" అంది.

"ముప్పైమంది ఉంటారు."

"ఫ్రేజర్ గారి కోడలు ఉందా? నన్ను తివాచీ అని మొదట పిలిచింది అదే."

"ఉంది. ముందు వరసలోనే."

"మొహం ఎలా పెట్టింది?"

"ఎలాగోలా పెట్టింది" అన్నాను.

"సరిగ్గా చెప్పు" అంది అక్క, స్టూలు లాక్కుని కూర్చుంటూ.